మాయమైన ర్యామ్ కేసు

శుక్రవారం పొద్దున పదిన్నరకు మెట్లెక్కి వచ్చిన పెద్దాయన కుర్చీలో కూర్చోకుండానే సంగతి చెప్పాడు.

“నాకు మతి పోతోందో లేదో తేల్చి చెప్పాలమ్మా. సోమవారం లోగా.”

అప్పటిదాకా టకటకలాడుతున్న టైపు మిషను ఆగింది. టైపిస్టు పద్దెనిమిదేళ్లు కోర్టులో పనిచేసి బయటికొచ్చినవాడు. దొంగలు పడ్డారని వచ్చినవాళ్లనూ, మనిషి కనపడటం లేదని వచ్చినవాళ్లనూ చూశాడు గానీ, తన బుర్ర మీద తానే ఫిర్యాదు తెచ్చినవాణ్ణి చూడటం ఇదే మొదలు.

కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నావిడ మొహంలో ఏ మార్పూ లేదు. ఆవిడ ఇరవై రెండేళ్లు బీమా కంపెనీలో క్లెయిములు తనిఖీ చేసింది. తగలబడిన గోదాముల్నీ, మునిగిన పడవల్నీ, బతికుండగానే చచ్చిపోయిన మనుషుల్నీ ఎందరినో చూసింది. ఒంటి మీద యూనిఫారం ఏనాడూ లేకపోయినా వీధి వీధంతా ఆవిణ్ణి ఇన్‌స్పెక్టరమ్మ అనే పిలిచేది. ఉద్యోగం వదిలి ఈ రెండు గదుల్లో ప్రైవేటు డిటెక్టివ్ ఆఫీసు తెరిచాక కూడా ఆ పేరే నిలిచింది. ఐదేళ్లుగా ఆవిడ దగ్గరున్న టైపిస్టు ప్రతి కేసులోనూ దోషి ఎవరో ముందే ఊహించేవాడు. ప్రతిసారీ తప్పులో కాలేసేవాడు. అయినా ఆ అలవాటు మానలేదు.

“కూర్చోండి. మొదటి నుంచి చెప్పండి,” అందావిడ.

పెద్దాయన రిటైరైన సర్వేయరు. డెబ్భై రెండేళ్లు. భూములు కొలిచే గొలుసు భుజాన వేసుకుని ముప్పై ఏళ్లు తిరిగాడని జనం ఆయనకు గొలుసు మాస్టారని పేరు పెట్టారు. ఇంట్లో కొడుకూ కోడలూ ఉంటారు. మేడ మీది గదిలో చనిపోయిన భార్య తమ్ముడు ఉంటాడు.

“బడి వెనక ఆటస్థలం ఉంది కదమ్మా, దాని మీద విచారణ జరుగుతోంది. ఒక బిల్డరు అందులో సగం తనదంటున్నాడు. ఆఫీసులో పాత మ్యాపులు చెమ్మకు పాడైపోయాయి. నేను సర్వీసులో ఉండగా స్కాన్ చేసుకున్న కాపీలు మాత్రమే మిగిలాయి. పద్దెనిమిది షీట్లు. సోమవారం వాటిని పక్కపక్కన పేర్చి, హద్దురాయి ఎక్కడుందో అధికారికి చూపించాలి.”

“చూపించండి. ఇబ్బందేమిటి?”

“నా కంప్యూటరు ముసలిది. ఆరు షీట్లు తెరిచేసరికి బిగుసుకుపోయేది. డిస్కు బీరువా లాంటిదమ్మా, ఎన్ని మ్యాపులైనా దాచుకుంటుంది. ర్యామ్ అంటారే, ఆ మెమరీ బల్ల లాంటిది. బల్ల చిన్నదైతే ఆరు మించి పరచలేం. అందుకని మంగళవారం బజారుకెళ్లి, ఉన్నదానికి సరిజోడు ఇంకో నాలుగు జీబీ ర్యామ్ కొని, నా చేత్తో నేనే డబ్బా విప్పి పెట్టాను. పెట్టాక ఎనిమిది చూపించింది. పద్దెనిమిది షీట్లూ ఒక్కసారి తెరుచుకున్నాయి. హద్దురాయి కళ్లారా చూశాను. మర్నాడు తీరిగ్గా ప్రింటు తీద్దామని ఆపేసి పడుకున్నాను.”

ఆయన ఆగి, అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

“బుధవారం లైబ్రరీ నుంచి వచ్చి చూస్తే నాలుగే చూపించింది. డబ్బా విప్పాను. లోపల ఒక్క ర్యామే ఉంది. కొత్తదానితో వచ్చిన అట్టపెట్టె లేదు. బిల్లు లేదు. కొట్టుకెళ్లి అడిగితే రోజుకు వందమంది వస్తారు, మాకెక్కడ గుర్తుంటుందన్నారు. మావాడేమో ‘నాన్నా, కొనాలనుకున్నావు, కొన్నాననుకున్నావు’ అన్నాడు. పోయిన నెల పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన మాట నిజమే. ఇంకో మాట కూడా దాచకుండా చెప్తాను. డబ్బా లోపల అద్దంలా శుభ్రంగా ఉంది. నాలుగేళ్ల దుమ్ము మంగళవారం నేను చూశాను, ముట్టుకోకుండా వదిలేశాను. మరి ఎవరు తుడిచారు? నేనే తుడిచి ఉండాలి. తుడిచినట్టు గుర్తు లేదు. తుడిచింది గుర్తు లేనివాడికి, పెట్టింది గుర్తుందంటే ఎవరు నమ్ముతారు? నాకే నమ్మకం పోయింది.”

జేబులోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టాడు. జ్ఞాపకశక్తి సరిగా లేనందువల్ల సాక్ష్యం నుంచి తప్పుకుంటున్నానని విచారణాధికారికి రాసిన ఉత్తరం అది. ఇంకా అతికించలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ దాన్ని ఆయన వైపే జరిపింది. “దీన్ని ఆదివారం దాకా పోస్టు చేయకండి. మధ్యాహ్నం మీ ఇంటికి వస్తాం.”

*

ఇల్లు పాతదే గానీ పొందికగా ఉంది. ముందు హాలు, ఒక మూల కుట్టుమిషను, దాని పక్క గదిలో పెద్దాయన కంప్యూటరు. మేడ మీదికి మెట్లు బయటి నుంచి ఉన్నాయి.

పెద్దాయన స్క్రూలు తీసి డబ్బా పక్క రేకు పక్కకు పెట్టాడు. ఇన్‌స్పెక్టరమ్మ మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసింది. బోర్డు మీద ర్యామ్ పెట్టుకునే పొడవాటి గాళ్లు రెండున్నాయి. రేకు తీయగానే చేతికందే గాడి ఖాళీగా ఉంది. లోపలి వైపు గాడిలో అరజానెడు ఆకుపచ్చ పలక ఒకటి నిటారుగా నిలబడి ఉంది. ఫ్యాను రెక్కల మీద గానీ అడుగున గానీ నలుసంత దుమ్ము లేదు. మూలమూలలా సన్నటి బ్రష్షుతో దులిపినట్టుంది.

“పాతది ఏ గాడిలో ఉండేది?”

“గుర్తున్నంతవరకు ముందు గాడిలో,” అని పెద్దాయన తడబడ్డాడు. “అదీ గట్టిగా చెప్పలేను.”

ఆవిడ క్లిప్పులు వెనక్కి నొక్కి పలకను బయటికి తీసి వెనక్కి తిప్పింది. అవతలి వైపు గోరంత కాగితం ముక్క అతికించి ఉంది. దాని మీద పెన్నుతో ఏవో అంకెలు రాసి ఉన్నాయి. టైపిస్టు వాటిని నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాడు. పలకను మళ్లీ దాని గాడిలోనే పెట్టి, కంప్యూటరు ఆన్ చేయించింది. ఎప్పుడు ఆన్ అయిందీ ఎప్పుడు ఆఫ్ అయిందీ కంప్యూటరు తన లెక్క తాను రాసుకుంటుంది. బుధవారం వరసలో ఉదయం పది నలభై రెండుకు ఆన్ అయి, పది నలభై ఆరుకు ఆఫ్ అయినట్టుంది.

“బుధవారం ఆ వేళకు మీరెక్కడున్నారు?”

“లైబ్రరీలో. ప్రతి బుధవారం పదికి వెళ్తాను, పన్నెండుకు వస్తాను. రిజిస్టరులో సంతకం ఉంటుంది.”

“చాలు. ఇక మీవాళ్లలో ఒక్కొక్కరితో మాట్లాడతాను.”

కొడుకు ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో డ్రాఫ్టుమన్. ఆ పూట సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. చెప్పులు విడిచిన చోట కూడా కొలబద్ద పెట్టి గీసినట్టుండే మనిషి.

“మీ ఆఫీసుకు పని ఇచ్చేవాళ్లలో ఆ బిల్డరు ఉన్నాడా?” అని అడిగింది ఇన్‌స్పెక్టరమ్మ.

“ఉన్నాడండీ. సగం పని ఆయనదే.”

“మీ నాన్నగారు సాక్ష్యం మానేస్తే మీకు మంచిదే.”

“మంచిదే. అబద్ధమెందుకు చెప్పాలి. కానీ మానమని ఆయనతో నేను ఒక్కనాడూ అనలేదు. బుధవారం తొమ్మిది నుంచి ఆరు దాకా ఆఫీసులో నా సీట్లో ఉన్నాను. పదిమంది చూశారు.”

మేడ మీద బావమరిది గది నిండా రేడియోలు. కొన్నిటికి మూతల్లేవు, కొన్నిటికి లోపలి సామాన్లు లేవు. అన్నిటి మీదా కలిపి వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము. ఆయన పాత రేడియోలు బాగుచేస్తాడు. మాట చలాకీ.

“మా బావ మతి గురించా? గజాలూ గొలుసు లింకులూ తప్ప ఆయనకు ఏనాడు ఏం గుర్తున్నాయి గనక. పెళ్లయిన కొత్తలో మా అక్కను రైల్వే స్టేషన్లో మరిచిపోయి వచ్చాడు.”

“బుధవారం పొద్దున మీరెక్కడున్నారు?”

“ఇక్కడే. రేడియో బాగుచేస్తూ.” జవాబు కాస్త తొందరగా వచ్చింది.

ఇన్‌స్పెక్టరమ్మ నోటుబుక్కు తెరిచి అందించింది. “ఈ అంకెలు ఏమిటో మీకేమైనా తెలుసా?”

ఆయన దాన్ని దగ్గరికి పట్టుకున్నాడు, దూరంగా పట్టుకున్నాడు, చివరికి టైపిస్టు చేతికిచ్చాడు. “మీరే చదవండి బాబూ, మీ రాత మీకే అర్థం కావాలి.” కిటికీ అరుగు మీద అట్టతో చేసిన నల్ల కళ్లజోడు ఒకటి పడి ఉంది. ఇన్‌స్పెక్టరమ్మ దాన్ని ఒకసారి చూసి లేచింది.

కిందికి వచ్చేసరికి కోడలు కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. బట్టలు కుట్టడమే ఆవిడ పని. ముప్పై అయిదేళ్లుంటాయి. కళ్ల కింద నిద్ర లేనట్టు నల్లటి చారలు. మాట్లాడుతూనే అడుగు పలక జరిపి, దారం అయిపోయిన బాబిన్ తీసి, పక్కనున్న చిన్న బ్రష్షుతో లోపలి పీచు దులిపి, కొత్త బాబిన్ పెట్టి మూసింది. ఆ చేతులు తమంతట తామే పని చేసుకుపోతున్నాయి.

“బుధవారం ఇంట్లోనే ఉన్నానండీ. మిషను చప్పుడులో పక్కగదిలో ఏనుగు నడిచినా వినపడదు. ఎవరూ రాలేదనే అనుకుంటున్నాను.”

“మీ మావయ్యగారు కొత్త ర్యామ్ పెట్టడం మీరు చూశారా?”

“లేదండీ. ఆ డబ్బా లోపల ఏముంటుందో నాకు తెలియదు. మేడ మీది చిన్నమావయ్యగారికైతే తెలుస్తుందేమో.” కొత్త బాబిన్ దారం పైకి లాగుతూ మళ్లీ అంది. “మావయ్యగారి మీద కోప్పడకండి. వయసు మీద పడింది. రెండూ అచ్చు ఒకేలా ఉంటే ఏది పాతదో ఏది కొత్తదో కళ్లున్నవాళ్లే పోల్చుకోలేరు. ఆయన్ని ఇంక ఇంటిపట్టున ఉండనివ్వమనండి. ఈ విచారణలూ గొడవలూ ఎందుకు?”

“ఆయన మంచి కోరే మాటే,” అంది ఇన్‌స్పెక్టరమ్మ.

*

శనివారం పొద్దున ఇద్దరూ కంప్యూటరు కొట్టుకు వెళ్లారు. కౌంటరు వెనకున్నాయన తల ఎత్తకుండానే, “గుర్తు లేదండీ, ఆ పెద్దాయనకు మొన్నే చెప్పాం,” అన్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ నోటుబుక్కు ముందు పెట్టింది. ఆయన ఆ అంకెలు చూసి కళ్లజోడు సర్దుకున్నాడు.

“ఇది మా చేతిరాతే. గ్యారంటీ కోసం ప్రతి ర్యామ్ వెనకా ఇలా అంటిస్తాం. ముందు రెండంకెలు తారీఖు, తర్వాతవి నెల, చివరిది ఆ రోజు ఎన్నో సరుకో.” వేలు పెట్టి చదివాడు. “మొన్న మంగళవారం అమ్మింది. నాలుగోది.”

బయటికొచ్చాక టైపిస్టు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. “అంటే పెద్దాయన బుర్ర బంగారం. కొత్త ర్యామ్ డబ్బాలోనే ఉంది. పోయింది పాతది.”

“అవును.”

“మరయితే ఎవరో కూడా తెలిసిపోయింది మేడం. ఆ రేడియోల మనిషి. కొత్తది తీయబోయి పాతది తీశాడు. ఎందుకంటే కాగితం మీది అంకెలు ఆయనకు కనపడలేదు. నిన్న మన ముందే చదవలేకపోయాడు. స్క్రూలు విప్పడం వెన్నతో పెట్టిన విద్య. బుధవారం ఇంట్లోనే ఉన్నానని ఆయనే ఒప్పుకున్నాడు.”

“బాగుంది,” అందావిడ. టైపిస్టు మొహం వాడిపోయింది. ఆవిడ బాగుందన్న ఊహ ఏదీ ఇంతవరకు నిలవలేదు.

లైబ్రరీకి వెళ్లి రిజిస్టరు చూశారు. పెద్దాయన సంతకం పది దాటి పది నిమిషాలకీ, పన్నెండుకు పది నిమిషాల ముందూ ఉంది. కొడుకు ఆఫీసులో హాజరు పుస్తకం చూశారు. ఆ తర్వాత ఆవిడ టైపిస్టును చెట్టు నీడలో నిలబెట్టి, వీధి చివరి కళ్ల ఆసుపత్రిలోకి ఒక్కతే వెళ్లి పది నిమిషాల్లో వచ్చింది. ఏం తెలిసిందో చెప్పలేదు. ఆఫీసుకు తిరిగొచ్చి పెద్దాయనకు ఫోను చేసి రెండే మాటలు చెప్పింది. “ఉత్తరం చింపేయండి. రేపు పదింటికి అందరూ హాల్లో ఉండాలి.”

*

ఆదివారం పదింటికి హాల్లో ఐదు కుర్చీలు వేశారు. కోడలు మాత్రం కుట్టుమిషను స్టూలు మీదే కూర్చుంది. కంప్యూటరు డబ్బాను తెచ్చి మధ్యలో బల్ల మీద పెట్టారు. ఇన్‌స్పెక్టరమ్మ నిలబడి, బీమా కంపెనీలో నివేదిక చదివిన గొంతుతోనే మొదలుపెట్టింది.

“ముందు అసలు ప్రశ్న తేలుద్దాం. మాస్టారికి మతి పోలేదు. ఈ డబ్బాలో ఉన్న ర్యామ్ మంగళవారం కొన్నది. కొట్టువాళ్ల చీటీ దాని వీపున ఉంది. ఆయన కొన్నారు, పెట్టారు, ఎనిమిది చూశారు. ఆయన చెప్పిన ప్రతి మాటా నిజం. ఒక్క మాట తప్ప.”

పెద్దాయన తలెత్తాడు.

“లోపల తుడిచింది తానే అయి ఉండాలన్నారు. అది తప్పు. దులిపింది ఆయన కాదు గనకే ఆయనకు గుర్తు లేదు.”

కొడుకు ముందుకు వంగాడు. “అంటే ఎవరో కావాలని తీశారంటారా?”

“బుధవారం పది నలభై రెండుకు ముందు తీశారు. తీశాక కంప్యూటరు పాడైపోలేదు కదా అని ఒకసారి ఆన్ చేసి చూసుకున్నారు. నాలుగు నిమిషాలకు ఆపేశారు. ఆ వేళ మాస్టారు లైబ్రరీలో, మీరు ఆఫీసులో ఉన్నారు. రెండూ చూసి వచ్చాం.”

టైపిస్టు చూపు తనకు తెలియకుండానే బావమరిది మీదికి పోయింది.

“మేడ మీది ఆయన ఇంట్లోనే ఉన్నానన్నారు. లేరు,” అంది ఇన్‌స్పెక్టరమ్మ. “ఎక్కడున్నారో కనుక్కున్నాను. అది ఆయన సొంత విషయం. ఈ కేసుకు సంబంధం లేదు.”

బావమరిది కాసేపు చేతులు నలుపుకున్నాడు. “దాపరికమెందుకులే. కళ్లాసుపత్రిలో ఉన్నాను. చుక్కలు వేసి మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. శుక్లాలు ముదిరాయట. రేడియోలు బాగుచేసేవాడికి చూపు తగ్గిందంటే ఎవడు పని ఇస్తాడని నోరు మూసుకున్నాను.”

“నాకైనా చెప్పకూడదా?” అన్నాడు పెద్దాయన.

“నీకు మతి లేదంటున్నారు, నాకు కళ్లు లేవని కూడా చెప్పనా బావా?”

కోడలు ఒళ్లో ఉన్న గుడ్డ ముక్కను మడత మీద మడత పెడుతోంది.

“ఇక చేసిన మనిషి గురించి,” అని ఇన్‌స్పెక్టరమ్మ కొనసాగించింది. “కంప్యూటరు సంగతి తెలిసినవాళ్లు కాదు. తెలిస్తే వెనక చీటీ చూసి కొత్తదే తీసేవాళ్లు. చేతికి ముందు అందింది తీశారు. కానీ చిన్న స్క్రూలు విప్పి మళ్లీ గీత పడకుండా బిగించడం అలవాటున్న చేతులవి. ఆ చేతులకు ఇంకో అలవాటు కూడా ఉంది. ఏ యంత్రం విప్పినా, లోపలి పీచూ దుమ్మూ దులపకుండా మళ్లీ మూయలేవు. మేడ మీది గదిలో దుమ్ము చూశాను, ఆయన చేతులకు ఆ జబ్బు లేదు. శుక్రవారం నేను ప్రశ్నలడుగుతుండగా నా కళ్లముందే ఒక యంత్రం విప్పారు, దులిపారు, మూశారు.”

హాల్లో ఉన్న నాలుగు జతల కళ్లూ కుట్టుమిషను వైపు తిరిగాయి.

“అలవాటు ఒక్కటే అయితే ఎవరినీ తప్పు పట్టను. కొత్త ర్యామ్ పెట్టడం చూడలేదన్నారు, డబ్బాలో ఏముంటుందో తెలియదన్నారు. మరుక్షణమే, రెండూ అచ్చు ఒకేలా ఉంటాయని, పాతదీ కొత్తదీ పోల్చుకోలేమని అన్నారు. కొత్తది సరిజోడని మాస్టారు నాతో చెప్పారు. ఇంట్లో చెప్పలేదని ఇందాకే కనుక్కున్నాను. రెండూ పక్కపక్కన చూసినవాళ్లు ఈ ఇంట్లో మాస్టారు కాక ఇంకొక్కరే. ఎలా చేశారో నాకు తెలుసమ్మా. ఎందుకు చేశారో మాత్రం తెలియదు. అది మీరే చెప్పాలి.”

కోడలు లేచి, మిషను అరలోంచి గుండీల డబ్బా తీసింది. మూత తీసి, రంగురంగుల గుండీల అడుగు నుంచి పట్టుగుడ్డలో చుట్టిన పొట్లం ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. విప్పితే ఆకుపచ్చ పలక. దానితో పాటు చదునుగా మడిచిన అట్టపెట్టె, బిల్లు.

“నువ్వా?” అన్నాడు కొడుకు. ఇంకేదో అనబోతే పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు.

“చెప్పమ్మా,” అన్నాడు.

“పోయిన ఆదివారం మీరెవరూ లేనప్పుడు ఒకతను వచ్చాడు మావయ్యగారూ. తెల్లటి చొక్కా, మెత్తటి మాట. మంచినీళ్లు అడిగాడు, ఇచ్చాను. గ్లాసు తిరిగిస్తూ, ‘పెద్దాయన ప్రతి బుధవారం లైబ్రరీకి నడిచి వెళ్తారు కదా, రోడ్డు దాటేటప్పుడు కాస్త జాగ్రత్తగా ఉండమనండి, సోమవారం విచారణ దాకా మరీ జాగ్రత్త’ అన్నాడు. అంతే. దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.”

“నాకు చెప్పాల్సింది,” అన్నాడు భర్త.

“చెప్తే మీరు నేరుగా ఆ బిల్డరు మీదికి వెళ్తారు. మావయ్యగారికి చెప్తే ఒకరోజు ముందే వెళ్లి సాక్ష్యం చెప్తారు. మీ ఇద్దరి సంగతీ నాకు తెలియదా?” ఆవిడ గొంతు పెరగలేదు, తగ్గలేదు. “మంగళవారం మధ్యాహ్నం తలుపు సందులోంచి చూశాను. మ్యాపులన్నీ తెరుచుకుంటే మావయ్యగారు ఒక్కరే కూర్చుని చప్పట్లు కొట్టుకుంటున్నారు. అప్పుడే అనుకున్నాను, ఇంక ఈయన్ని ఎవరూ ఆపలేరని. ఆ పలక లేకపోతే మ్యాపు తెరుచుకోదు. తెరుచుకోకపోతే ఆయనే విసుగెత్తి మానేస్తారు. కొట్టుకెళ్లి ఇంకోటి తెచ్చుకోకుండా పెట్టే బిల్లూ కూడా దాచాను. అంతవరకే అనుకున్నాను. ఆయన తన బుర్రనే అనుమానిస్తారని అనుకోలేదు. బుధవారం సాయంత్రం ‘నాకేదో అవుతోందమ్మా’ అన్నారు. అప్పుడన్నా చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది. కానీ ఆయన ఆ ఉత్తరం రాయడం చూశాను. ఇంకో నాలుగు రోజులు ఓర్చుకుంటే మనిషి మిగులుతాడనుకున్నాను.”

పెద్దాయన ఆ పలకను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. టైపిస్టుకు ఆ మొహంలో కోపం కనపడలేదు. కనపడితే బాగుండుననిపించింది. ఇంటికోడలి మీద అరిచేసి, చల్లబడిపోయే మనిషైతే సులువుగా ఉండేది.

“నాలుగు రాత్రులమ్మా,” అన్నాడు చివరికి. “మా ఇంటి నంబరూ, మీ అత్తయ్య పేరూ, పన్నెండో ఎక్కమూ పడుకునే ముందు ఒకసారి, లేచాక ఒకసారి అప్పజెప్పుకున్నాను. రోడ్డు మీద లారీ కింద పడితే ఒక్క నిమిషంలో అయిపోయేది. నా మీద ప్రేమతోనే చేశావు. నాకు తెలుసు. కానీ నువ్వు కాపాడబోయిన మనిషిని నువ్వే సగం తినేశావు.”

ఆవిడ తల వంచుకుంది. కన్నీళ్లు గుడ్డ ముక్క మీద పడుతున్నా తుడుచుకోలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ మధ్యలో కల్పించుకుంది. “మీ ఇంటి సంగతి మీరు తర్వాత చూసుకోండి. బెదిరించిన మనిషి సంగతి ఇప్పుడు చూడాలి. ఎత్తు, రంగు, వయసు, ఎడం చేయో కుడి చేయో, గ్లాసు ఎలా పట్టుకున్నాడో, అన్నీ చెప్పండమ్మా. టైపిస్టు గారు రాసుకుంటారు. ఒక కాపీ పోలీసు స్టేషనుకు, ఒకటి విచారణాధికారికి. బెదిరింపు గుట్టుగా ఉన్నంతసేపే దానికి కోరలు. నలుగురికీ తెలిసిన తర్వాత మాస్టారికి జలుబు చేసినా ముందు అనుమానించేది ఆ బిల్డరునే. అది బిల్డరుకూ తెలుస్తుంది.”

వాంగ్మూలం రాయడానికి గంట పట్టింది. అది అయ్యాక పెద్దాయన డబ్బా దగ్గరికి జరిగి, పాత ర్యామ్‌ను ముందు గాడిలో నిలబెట్టాడు. రెండు క్లిప్పులూ టక్కుమనేదాకా బొటనవేళ్లతో నొక్కాడు. తెర మీద ఎనిమిది కనపడింది. పద్దెనిమిది షీట్లూ వరసగా తెరుచుకున్నాయి. బావమరిది తెరకు ముక్కు తాకేంత దగ్గరగా వెళ్లి, ఏమీ కనపడకపోయినా, “భేష్ బావా,” అన్నాడు.

“సోమవారం ఈ మ్యాపు ప్రింటు నా నిలువంత పొడవుంటుంది,” అన్నాడు పెద్దాయన, కోడలి వైపు చూడకుండా. “పట్టుకోవడానికి ఇద్దరు కావాలి. రెండో కొస నువ్వు పట్టుకోవాలి.”

*

విచారణ గదిలో కుర్చీలు చాలక కొందరు గోడకు ఆనుకుని నిలబడ్డారు. టైపిస్టూ ఇన్‌స్పెక్టరమ్మా వెనక వరసలో కూర్చున్నారు. మ్యాపు ఒక కొస పెద్దాయన, రెండో కొస కోడలు పట్టుకున్నారు. పెద్దాయన కర్రతో ఒక్కో షీటూ చూపిస్తూ, బడి గోడకు ముప్పై రెండు అడుగుల అవతల ఉన్న హద్దురాయి దగ్గర ఆగాడు.

బిల్డరు తరఫు ప్లీడరు తాపీగా లేచాడు. “మాస్టారూ, మీకు డెబ్భై రెండేళ్లు. ఈ మధ్య మీకు మతిమరుపు వచ్చిందని మీ వీధిలోనే అనుకుంటున్నారు. ఎప్పటిదో ఈ రాయి మీకు సరిగ్గానే గుర్తుందని మేమెలా నమ్మాలి?”

పెద్దాయన కర్రను హద్దురాయి మీది నుంచి దించాడు.

“ఆయన మతి సరిగ్గానే ఉందండీ,” అంది కోడలు. ఎవరూ అడగకుండానే, మ్యాపు వదలకుండానే అంది. “దాన్ని చెడగొట్టాలని నేనే చూశాను. నాలుగు రోజులు చూశాను. నా వల్ల కాలేదు.”

అధికారి పక్కన కూర్చుని సాక్ష్యాలు టైపు చేస్తున్న ఉద్యోగి మీటల మీద వేళ్లు ఆపి, ఈ మాట రికార్డులోకి ఎక్కించాలా వద్దా అన్నట్టు అధికారి వైపు చూశాడు.

“ఎక్కించండి,” అన్నాడు అధికారి.